యౌవనస్థుల విశ్వాసము: తల్లిదండ్రులు దేనిని చూడాలి?

"అయ్యగారూ, మా అబ్బాయి నిజంగా రక్షణ పొందాడంటారా?" ఈ ప్రశ్నకు కాపరి తొందరపడి అవునని గాని కాదని గాని చెప్పకూడదు.

1734-35లో నార్తాంప్టన్ ఉజ్జీవములో అనేకమంది యౌవనస్థులు కదిలించబడుట జోనాతాన్ ఎడ్వర్డ్స్ చూశాడు. భక్తి సంబంధమైన మనోభావాలపై 1746లో ప్రచురించిన గ్రంథములో ఆయన రెండు పట్టికలు ఇచ్చాడు. తీవ్రమైన ఉద్రేకము, ధారాళమైన సాక్ష్యము, వాక్యములు మనస్సుకు తోచుట, ఆరాధనలో ఎక్కువ సమయము గడుపుట మొదలైన 12 సంగతులు విశ్వాసమును రుజువు చేయవు, కొట్టివేయవు. నిజమైన 12 గుర్తులలో చివరిది, ప్రధానమైనది క్రైస్తవ ఆచరణ.

కాబట్టి క్వయరులో పాడుతున్నాడా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. తప్పు చేసినప్పుడు దొరికిపోయినందుకే బాధపడుతున్నాడా, పాపమును ఒప్పుకొని క్రీస్తునొద్దకు తిరుగుతున్నాడా? తమ్ముని క్షమిస్తున్నాడా? హాస్టలులో ఎవరూ చూడనప్పుడు ప్రార్థిస్తున్నాడా? ప్రశ్నలు అడుగుట అవిశ్వాసము కాదు. మార్కు 9:24లోని తండ్రి తన అపనమ్మకముతోనే యేసు నొద్ద మొరపెట్టాడు.

ఫలము కనబడుటకు కాలము పడుతుంది. హృదయమును చూచేవాడు దేవుడే (1 సమూయేలు 16:7). తల్లిదండ్రులు కుమారునికి రక్షణ నిశ్చయతను తామే ఇవ్వలేరు, తీసివేయనూ లేరు. వారు చేయగలిగినది సువార్తను మరల మరల అతని ముందుంచుట, తమ తప్పులను అతని ఎదుట ఒప్పుకొనుట.