కణము మొదలు అవయవము వఱకు
ఒక నెత్తుటి చుక్క నేర్పిన పాఠము

వార్షిక సంచికలో ప్రధానోపాధ్యాయుని వ్యాసమనగానే పరీక్షా ఫలితములో, భవన నిధి లెక్కలో యుండునని మీరు తలతురు. ఈ పర్యాయము ఆ రెండింటిని వదలి, మీ పిల్లల యొడలిలో రాత్రింబవళ్లు జరుగుచున్న పనినిగూర్చి వ్రాయదలచితిమి. ఇందుకొక కారణము గలదు.

కొన్ని యేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతిలో నొక బాలిక యుండెను. మూడవ గంట కొట్టుసరికి ఆమె కన్నులు మూతలు పడుచుండెను. మేడ మెట్లెక్కినచో రొప్పుచుండెను. ఉపాధ్యాయులు సోమరి యనిరి. మేమును రెండు పర్యాయములు అందఱి యెదుట నిలువబెట్టి మందలించితిమి. తల్లిని పిలిపించితిమి. “అయ్యవారూ, దీనికి చిన్ననాటినుండి బద్ధకమే. మీరే నాలుగు తగిలించి దారికి తెండి” అని చెప్పి ఆమె వెళ్లిపోయెను.

ఆ నెలలోనే పిల్లల ఆరోగ్య పరీక్షకై వచ్చిన డాక్టరుగారు ఆ బాలిక క్రింది కనురెప్పను మెల్లగా లాగి చూచిరి. ఎఱ్ఱగా నుండవలసిన లోపలి భాగము పాలిపోయి యుండెను. వ్రేలికొననుండి చుక్క నెత్తురు తీసి పరీక్షింపగా, 100 మిల్లీలీటర్ల నెత్తుటికి హీమోగ్లోబిన్ 8.4 గ్రాములని తేలెను. ఆ వయస్సు బాలికకు అది 12 గ్రాములకు తగ్గరాదు. మేము సోమరితనమని పేరు పెట్టినది రక్తహీనత. ఇరువది యేండ్లకు పైగా పిల్లలకు శరీరశాస్త్రము బోధించిన మాకు ఎదుట కూర్చున్న పిల్ల ముఖములో ఆ పాఠము కనబడలేదు. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

ఇక విషయమునకు వత్తము. ఇంటికి ఇటుక యెట్టిదో శరీరమునకు కణము అట్టిది. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్లేయుడు బెండు ముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడగా చిన్న చిన్న గదులు కనబడెను. ఆ గదులకే ఆయన కణములని పేరు పెట్టెను. చెట్లు కణములతో నిర్మితములని 1838లో ష్లైడెన్, జంతువులును అట్టివేయని 1839లో ష్వాన్ తెలిపిరి. వీరిద్దఱును జర్మనులే. ఆ దేశపు వైద్యుడే యగు విర్కో 1858లో ఇంకొక యడుగు ముందుకు వేసి, మనిషికి వచ్చు వ్యాధికి మూలము వాని కణములలోనే వెదకవలెనని చెప్పెను. మా బాలిక విషయమున నిజమైనది ఈ మాటయే.

మానవ శరీరములో సుమారు 30 లక్షల కోట్ల కణములు గలవని నేటి అంచనా. సాధారణముగా ప్రతి కణమునకు చుట్టును పలుచని పొర, లోపల జీవద్రవ్యము, నడుమ కేంద్రకము ఉండును. కేంద్రకము ఆ కణమునకు పెద్ద దిక్కు. జీవద్రవ్యములో మైటోకాండ్రియా యను సూక్ష్మభాగములు గలవు. వీనిని కణము యొక్క పొయ్యిలనవచ్చును. మనము తిన్న అన్నము కట్టెయైనచో, పీల్చిన ప్రాణవాయువు దానిని మండించు గాలి. అచట వెలువడిన శక్తి ఏ.టి.పి. యను పదార్థముగా నిలిచి పనులకు వినియోగపడును. ఈ పదార్థమును 1929లో కనుగొన్న వారిలో మన భీమవరమున పుట్టి, మదరాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. వారి పేరు ఈ వ్యాసములో మఱల వచ్చును.

ఒకే తీరు కణములు కలిసి ఒకే పని చేయునప్పుడు దానిని కణజాలమందుము. నూలుపోగులు కలిసి బట్టయైనట్లు కణములు కలిసి కణజాలమగును. ఇవి ముఖ్యముగా నాలుగు విధములు. చర్మపు పైపొరగాను, ప్రేవుల లోపొరగాను కప్పి కాపాడునది మొదటిది. ముడుచుకొని చాచుకొని కదలిక కలిగించు కండరములు రెండవది. వార్తలు మోయు నాడులు మూడవది. భాగములను కలిపి నిలుపునది నాలుగవది. ఎముక, క్రొవ్వు ఈ జాతివే. ద్రవమై పాఱుచున్నను నెత్తురు కూడ ఈ నాలుగవ జాతి కణజాలమేయని చెప్పినచో పిల్లలు ప్రతి యేడు ఆశ్చర్యపడుదురు.

ఇట్టి కణజాలములు కొన్ని కలిసి ఒక పనికై యేర్పడినచో అది అవయవము. గుండెను చూడుడు. ఎవరి గుండె వారి పిడికిలంత యుండును. దాని గోడ కండరము. లోపలి నునుపు పొర కప్పు కణజాలము. కవాటములకు బిగువు నిచ్చునది కలుపు కణజాలము. వేగమును హెచ్చించి తగ్గించునవి నాడులు. నాలుగును కూడిననే గుండె. అది పెద్దవారిలో విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు సుమారు 72 పర్యాయములు కొట్టుకొని, 5 లీటర్ల నెత్తురును త్రోయును. గుండె, రక్తనాళములు, నెత్తురు కలిసి రక్తప్రసరణ మండలమగును. నెత్తురు గుండెనుండి వెడలి మఱల గుండెకే వచ్చునని 1628లో విలియం హార్వే నిరూపించెను.

ఈ మెట్లన్నిటిని ఒక్క ఎఱ్ఱ కణము వెంట నడచి చూతము. మన కణములలో అత్యధిక భాగము ఎఱ్ఱ కణములే. ఒక్క ఘన మిల్లీమీటరు నెత్తుటిలో అవి ఇంచుమించు 50 లక్షలుండును. వాని పుట్టినిల్లు ఎముకలలోని మూలుగ. పెద్దవారిలో రొమ్ము, ప్రక్క, వెన్ను, కటి ఎముకల మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల కణములను తయారుచేయును. పుట్టునపుడు కేంద్రకమున్నను, నెత్తుటిలోనికి దిగుటకు ముందే ఎఱ్ఱ కణము దానిని విడిచివేయును. పిదప మైటోకాండ్రియాలును పోవును. కావున తాను మోయు ప్రాణవాయువును అది తాను వాడుకొనదు. అందఱి వంటకు నీరు మోసి, తన యింట పొయ్యి రాజేయని కావడివాని వంటిది. ఆకారమున నడుమ రెండువైపుల నొక్కిన గారెను పోలియుండును, కాని రంధ్రముండదు.

ఆ కణము నిండ హీమోగ్లోబిన్. ఒక్క కణములో దాని అణువులు సుమారు 27 కోట్లు. ఒక్కొక్క అణువునందు నాలుగు ఇనుప పరమాణువులుండును. ఊపిరితిత్తులలో ఈ ఇనుమే ప్రాణవాయువును పట్టుకొనును. గుండె త్రోయగా కణము సన్నని నాళములలోనికి పోయి ఆ వాయువును కండరమునకు, మెదడునకు పంచిపెట్టి తిరిగి వచ్చును. ఈ చుట్టు ముగియుటకు ఒక నిమిషము చాలును. ఇట్లు 120 దినములు తిరిగిన ముదుసలి కణమును ప్లీహము, కాలేయము మొదలగునవి విఱిచి, అందలి ఇనుమును దాచి, మఱల మూలుగకు పంపును. శరీరము ఇనుము విషయమున ఇంత పొదుపరి.

అయినను పొదుపరి యింట కూడ వ్యయము రాబడిని మించవచ్చును. ఎదుగు వయస్సులో క్రొత్త నెత్తురు, క్రొత్త కండరము ఏర్పడవలెను. ఆడపిల్లలకు నెలనెల నెత్తురు పోవును. తిండిలో ఇనుము చాలనిచో హీమోగ్లోబిన్ తగ్గును. ప్రాణవాయువు చాలదు. కణముల పొయ్యిలు మందగించును. ఆ లోటు తీర్చుటకు గుండె వేగముగా కొట్టుకొనును. మెట్లెక్కినచో ఆయాసము వచ్చును. శరీరపు బరువులో నూటికి రెండు వంతులే యున్న మెదడు ప్రాణవాయువులో ఐదవ వంతును వాడుకొనును. కావున మందలింపు తగిలిన ఆ కునికిపాటు ఇనుము లేమి వలన వచ్చినది. దేశమంతట జరిగిన 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అదే వయస్సు బాలురలో నూటికి 31 మంది. అనగా ఇది ఏ యొక్క ఇంటి సంగతియు కాదు.

ఇంటిలో మీరు చేయదగినవి కొన్ని గలవు. మన హోసూరు సీమలో రాగిసంగటి యున్నది, అందులో ఇనుమున్నది. రాగులను మొలకెత్తించి పిండి పట్టించినచో ఆ ఇనుము మఱింత బాగుగ ఒంటబట్టును. మునగాకు, తోటకూర, శనగలు, ఉలవలు మంచివి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుట, భోజనము తరువాత జామపండు తినుట ఇనుమునకు తోడ్పడును. అన్నము తిన్న వెంటనే టీ, కాఫీ త్రాగుట దానిని అడ్డగించును. మాంసము తినువారికి కార్జము మేలు. కొంకి పురుగు వట్టి కాళ్ల చర్మము గుండ దూరి, చిన్నప్రేవును పట్టుకొని నెత్తురు పీల్చును. కావున దొడ్డికి పోవునప్పుడు, పొలమునకు పోవునప్పుడు పిల్లలకు చెప్పులుండవలెను. 2015 నుండి బడులలో నులిపురుగుల మందు ఇచ్చు దినము జరుగుచున్నది. ఆ దినమున పిల్లలను ఇంట నిలుపకుడు.

వారమునకొకటి యిచ్చు నీలి మాత్రనుగూర్చి కొందఱు తల్లులు భయపడుచున్నారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలవు. మలము నల్లబడుట ఇనుము వలననే. అది హాని కాదు. వికారము కలుగకుండ అన్నము తిన్న పిదప వేయవలెను. మూలుగలో క్రొత్త కణములు పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని కృత్రిమముగా తయారుచేయుట 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో సాధింపబడెను. అచట పరిశోధనకు అధ్యక్షులు పైన చెప్పిన సుబ్బారావుగారే. పిల్ల ఆ మాత్రను చెత్తకుండీలో పడవేయుటకు ముందు ఈ మాట ఆమెకు చెప్పుడు. అయితే రక్తహీనతకు వేఱు కారణములును గలవు. పిల్ల పాలిపోయి యున్నచో పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదునే వాడవలెను.

మా బాలిక వైద్యుని సలహా ప్రకారము మాత్రలు వాడెను. పాత కణములు పోయి క్రొత్తవి నిండుటకు కొన్ని నెలలు పట్టును గదా! నాలుగు నెలలకు ఆమె హీమోగ్లోబిన్ 11.6 గ్రాములకు చేరెను. ఒకనాడు హాజరుపట్టీ తెచ్చుటకు మేడ మెట్లు రెండేసి యెక్కి మా గదికి వచ్చెను. మేము ఆమెతో, “అమ్మా, ఆనాడు నిన్ను నిలువబెట్టుట మా తప్పు” అంటిమి. ఆమె తలవంచుకొని నవ్వెను.

ఈ పాఠమంతయు మన పిల్లలు తెలుగులోనే చదువుచున్నారు. బజారులో తమిళము, ప్రక్కింట కన్నడము వినబడినను, గుండె, ఊపిరి, నెత్తురు, మూలుగ అను మాటలు వారికి తల్లి నోటినుండి వచ్చినవే. కావున బడిలో ఏమి చదివితివని రాత్రి భోజనము వేళ అడుగుడు. వారు చెప్పునది మీకు అర్థమగును. మీరు వడ్డించునది వారికి అర్థమగును. తరగతిలో కునుకు పట్టెనని మానుండి కబురు వచ్చినప్పుడు, కోపగించుటకు ముందు ఆ పిల్ల కనురెప్పను ఒక్కసారి దించి చూడుడు. మేమును అట్లే చేయుదుమని మాట యిచ్చుచున్నాము.