కాలవ నిండుగానే ఉంది, మరి తూము?

కాలవ నిండా నీళ్లున్నంత మాత్రాన చేను తడవదని భీమడోలు రైతుకి వేరే చెప్పక్కర్లేదు. తూము తీయాలి, బోదె పారాలి. విదేశీ వార్తా ఛానళ్ల సంగతీ అంతే. బీబీసీ, అల్ జజీరా లాంటి ఛానళ్లను మోసే తరంగాలు ఆ ఊరి డాబాల మీద రాత్రింబవళ్లు పడుతూనే ఉంటాయి. కొన్ని ఇళ్లలో ఆ వార్తలు కనిపిస్తాయి, కొన్నిట్లో కనిపించవు. ఎందుకని?

ముందు కాలవ సంగతి చూద్దాం. భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా చుట్టు పూర్తి చేస్తుంది. అందుకే కింది నుంచి చూస్తే కదలనట్టే ఉంటుంది. దూరదర్శన్ ఉచిత సేవ డీడీ ఫ్రీ డిష్‌ని మోసే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. భీమడోలు ఉన్నది 81 డిగ్రీలు దాటాక. లెక్క కడితే అక్కడి డిష్ ఆగ్నేయం వైపు తిరిగి, సుమారు 65 డిగ్రీలు పైకి చూడాలి. ఒకసారి బిగిస్తే చాలు.

మన ఇళ్లకి విదేశీ వార్తల్ని తెచ్చిన తొలి కాలవల్లో ఒకటి ఆసియాశాట్-1. దాని కథ చిత్రమైనది. 1984లో వెస్టార్-6 పేరుతో వదిలితే సరైన కక్ష్యకి చేరలేదు. అదే ఏడాది నవంబరులో డిస్కవరీ షటిల్ వ్యోమగాములు దాన్ని పట్టి భూమికి తెచ్చారు. బాగుచేశాక 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్ మీద మళ్లీ పైకెళ్లింది. 1991లో స్టార్ టీవీ దాని మీంచే బీబీసీ వార్తలు ప్రసారం చేసింది. వాటికి తాళం లేదు. పెద్ద డిష్ కొన్న కేబుల్ ఆపరేటరు వీధంతా తీగ లాగితే సరిపోయింది. 1994లో స్టార్ టీవీ ఉత్తర బీమ్ (ఉత్తరం వైపు పంపే ప్రసారం) నుంచి బీబీసీని తీసేస్తే చైనాకి ఆగింది, దక్షిణ బీమ్‌లో ఉన్న మనకి ఆగలేదు. ఉపగ్రహం ఒకటే, బీమ్‌లు రెండు.

ఇక కాలవకీ మన తెరకీ మధ్య తూములు మూడు. మొదటిది డిష్షే. ముసురు పట్టినప్పుడు ఇంటి మీది చిన్న డిష్ మొరాయిస్తుంది, కేబుల్ మాత్రం తరచూ నడుస్తూనే ఉంటుంది. ఇంటి డిష్ పట్టే కేయూ బ్యాండ్ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కేబుల్ వాళ్ల సీ బ్యాండ్‌ది ఏడున్నర. తరంగం పొడవు చినుకు సైజుకి దగ్గరయ్యేకొద్దీ వాన దాన్ని ఎక్కువగా పీల్చేస్తుంది, చెదరగొడుతుంది. పైగా రెండడుగుల డిష్ కంటే పన్నెండడుగుల డిష్ 36 రెట్లు ఎక్కువ సంకేతాన్ని పోగుచేస్తుంది.

రెండోది తాళం. పల్లెల్లో కేబుల్ పూర్తిగా డిజిటల్ కావడానికి 2017 మార్చి 31 గడువు. అప్పట్నుంచీ ఛానల్ గుప్త సంకేత రూపంలో వస్తుంది. సెట్‌టాప్ బాక్సుకి తాళంచెవి అందితేనే బొమ్మగా మారుతుంది. ఛానల్‌కి డబ్బు కడితేనే ఆ తాళంచెవి. ఫ్రీ డిష్‌కి నెలనెలా కట్టేది లేదు, కానీ అందులో ఏ ఛానళ్లుండాలో తేల్చేది ప్రసార భారతి.

మూడోది అనుమతి. విదేశీ ఛానల్‌ని ఇక్కడ పంపిణీ చేయాలంటే 2005 నాటి డౌన్‌లింకింగ్ మార్గదర్శకాల ప్రకారం కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఒప్పుకోవాలి. 2022లో వాటిని తిరగరాసినా ఆ షరతు పోలేదు. కశ్మీర్ పటాన్ని తప్పుగా చూపినందుకు 2015 ఏప్రిల్‌లో అల్ జజీరా అయిదు రోజులు మన తెరల మీద ఆగిపోయింది. ఉపగ్రహానికేమీ కాలేదు, తూము మూశారంతే.

ఇంటర్నెట్ ఇంకో కాలవ. చాలా విదేశీ ఛానళ్లు యూట్యూబ్‌లో నేరుగా వస్తున్నాయి. దాని తూములు వేరు.

కాబట్టి వార్త రాకపోతే ఆకాశాన్ని అనుమానించకండి. వానలో అన్ని ఛానళ్లూ పోతే డిష్, ఒక్కటే పోయి డబ్బు కట్టమంటే తాళం, దేశమంతటా ఒకేసారి పోతే అనుమతి. ఎవరిని అడగాలో అప్పుడు మీకే తెలుస్తుంది.