డిస్కు నిద్రకు ముప్పావుగంట

చిలుకూరులో నాది చిన్న ఫొటో స్టూడియో. మాఘం, శ్రావణం ముహూర్తాలు మొదలైతే పెళ్లి ఫొటోలన్నీ కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కుకే చేరతాయి. ఒక ఎండాకాలం కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమంది. చేతికందిన పొదుపల్లా మొదలుపెట్టాను. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పని లేకపోతే డిస్కు 3 నిమిషాలకే ఆగేలా పెట్టాను.

ఇక చూస్కోండి. పెళ్లికూతురి ముఖం మీద వెలుగు సరిచేస్తూ కూర్చుంటే డిస్కు నిద్రపోయేది. పక్క ఫొటో తెరిస్తే లోపల గుయ్‌మని చప్పుడు, ఏడెనిమిది సెకన్లు తెర బిగుసుకుపోవడం. ఆల్బమ్ కోసమొచ్చిన ఒక రైతు చూసి, "ఏందన్నా, ఆటో స్టార్టర్ పెట్టిన మోటరు లెక్క ఊకె ఆగి ఊకె లేస్తున్నది?" అన్నాడు.

పెద్దమనిషి సరిగ్గా పట్టాడు. తెలంగాణలో 2018 జనవరి 1న సాగుకు 24 గంటల కరెంటు రాకముందు, కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమయ్యేదో మా దగ్గర ఎవరినడిగినా చెబుతారు. తిరిగే మోటరు కన్నా లేచే మోటరే ఎక్కువ లాగుతుంది. డిస్కులో ఉన్నదీ మోటరే; నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు. ఊరికే తిరిగేటప్పుడు డెస్క్‌టాప్ డిస్కు తినేది 4, 5 వాట్లు. లేచే ఆ కాసేపు 20 వాట్లు దాటుతుంది.

కాగితం మీద లెక్క వేశాను. రోజుకు 6 గంటలు పడుకోబెట్టినా నెలకు మిగిలేది ఒక యూనిట్ లోపే! మరి పోయేదో? చాలా డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు చెప్పే ఆగి లేచే లెక్క సుమారు 50,000. రోజుకు 60 సార్లు లేపితే అది రెండుంపావు ఏళ్లలో అయిపోతుంది. ఆ మర్నాడే డిస్కు చచ్చిపోతుందని కాదు గానీ, యూనిట్ కరెంటుకు జనం పెళ్లిళ్లు పణం పెట్టడమేంటి?

విండోస్ మామూలుగా పెట్టేది 20 నిమిషాలు. నేను 45 చేశాను. టీ తాగి వచ్చినా తిరుగుతూనే ఉంటుంది, అన్నానికి ఇంటికెళ్తే ఆగుతుంది. బ్యాకప్ డిస్కు సంగతి వేరు: కాపీ అవగానే పద్ధతిగా ఎజెక్ట్ చేసి బీరువాలో పెడతాను. ఎస్‌ఎస్‌డీకి మోటరే లేదు, దానికి ఈ గొడవే లేదు.

కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, హార్డ్ డిస్క్. మీ దాంట్లో ఏ అంకె ఉందో ఇవాళ ఒకసారి చూడండి. మూడో అయిదో ఉంటే మార్చేయండి.