అంకె తప్పింది... ఆట చేజారింది!
తక్కువ దెబ్బలు కొట్టినవారిదే గెలుపు - గోల్ఫ్ లెక్కలు ఇలా...

కబడ్డీలో పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్న జట్టు గెలుస్తుంది. క్రికెట్‌లో పరుగులు ఎక్కువ తీసిన జట్టుది పైచేయి. గోల్ఫ్‌లో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఎవరు తక్కువ దెబ్బలతో ఆట ముగిస్తే వారే విజేత. ఆ దెబ్బలను రాసే కాగితంలో ఒకే ఒక్క అంకె తప్పు పడినందుకు 1968లో ఓ మేటి ఆటగాడికి పెద్ద పోటీలో గెలిచే అవకాశమే లేకుండా పోయింది.

గోల్ఫ్ మన దేశానికి కొత్త కాదు. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్ 1829లోనే వెలిసింది. విశాఖపట్నం, హైదరాబాదు నగరాల్లోనూ గోల్ఫ్ మైదానాలున్నాయి. అయినా టీవీలో ఆట చూసే చాలామందికి ఎవరు గెలుస్తున్నారో ఓ పట్టాన అంతుబట్టదు.

పార్ అంటే...

గోళీలాటలో గోళీని గుంటలో వేసినట్టే ఇక్కడ చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ వెళ్లి గుంటలో వేయాలి. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలే. అది ఉండేది మాత్రం వందల గజాల దూరంలో. ఇలాంటివి 18 గుంటలు.

చేయి తిరిగిన ఆటగాడు ఒక్కో గుంటను ఎన్ని దెబ్బల్లో ముగించాలో ముందే నిర్ణయిస్తారు. దాన్ని 'పార్' అంటారు. దూరాన్ని బట్టి అది 3, 4 లేక 5 ఉంటుంది. పార్ కంటే ఒకటి తక్కువైతే 'బర్డీ', రెండు తక్కువైతే 'ఈగిల్', ఒకటి ఎక్కువైతే 'బోగీ'. కర్ర ఊపి బంతికి తగలకపోయినా ఒక దెబ్బ కిందే లెక్క. బంతి కనిపించకుండా పోతే ఒక దెబ్బ జరిమానా కలుపుకుని, ముందు కొట్టిన చోటు నుంచే మళ్లీ కొట్టాలి.

ఆడే పద్ధతులెన్నో

మొత్తం దెబ్బలు కూడి, తక్కువ వచ్చినవారిని విజేతగా ప్రకటించడం 'స్ట్రోక్ ప్లే'. పెద్ద పోటీలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే నాలుగు రోజులు సాగుతాయి. ఇందులో ఒక్క గుంట దగ్గర తడబడినా ఆ భారం చివరిదాకా మోయాల్సిందే.

'మ్యాచ్ ప్లే' అలా కాదు. ఇద్దరు ముఖాముఖి తలపడతారు. గుంట గుంటకూ గెలుపోటములు తేలుతాయి. ఒకరు 4 దెబ్బల్లో, మరొకరు 9 దెబ్బల్లో ముగించినా పోయేది ఆ ఒక్క గుంటే. ఇంకా రెండు గుంటలు మిగిలి ఉండగా ఒకరు మూడు గుంటల ఆధిక్యంలో ఉంటే ఆట అక్కడితో సరి.

ఎదుటివారి చివరి దెబ్బను కొట్టకుండానే 'పడినట్టే' అని వదిలేసే మర్యాద కూడా మ్యాచ్ ప్లేలోనే ఉంది. 1969లో అమెరికా, బ్రిటన్ జట్ల రైడర్ కప్ పోటీలో ఆఖరి గుంట దగ్గర అమెరికాకు చెందిన జాక్ నిక్లాస్ ప్రత్యర్థి టోనీ జాక్లిన్‌కు ఇలాగే వదిలేశాడు. దాంతో పోటీ 16-16తో సమమైంది.

'స్టేబుల్‌ఫోర్డ్' పద్ధతిలో దెబ్బలకు బదులు పాయింట్లు ఇస్తారు. పార్‌కు 2, బర్డీకి 3, బోగీకి 1. అంతకంటే చెడిపోతే సున్నా. ఇక్కడ ఎక్కువ పాయింట్లు వచ్చినవారే విజేత. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని రూపొందించాడు.

జతలుగానూ ఆడవచ్చు. ఇద్దరూ ఒకే బంతిని ఒకరి తర్వాత ఒకరు కొడితే 'ఫోర్‌సమ్స్'. ఎవరి బంతి వారు ఆడి, ఇద్దరిలో మెరుగైన లెక్క తీసుకుంటే 'ఫోర్‌బాల్'.

కొత్తవారు మేటి ఆటగాళ్లతో తలపడేందుకు 'హ్యాండీక్యాప్' అనే వెసులుబాటు ఉంది. 18 హ్యాండీక్యాప్ ఉన్న వ్యక్తి 90 దెబ్బలు కొడితే 72గా లెక్కిస్తారు.

సంతకం పెడితే అంతే

గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడి వెంటా అంపైరు ఉండడు. ఒకరి లెక్క మరొకరు రాస్తారు. ఆట ముగిశాక ఎవరి కార్డు వారు సరిచూసుకుని సంతకం పెట్టి ఇవ్వాలి. గుంట గుంటకూ రాసిన అంకెల బాధ్యత ఆటగాడిది. వాటిని కూడే పని నిర్వాహకులది.

1968 ఏప్రిల్ 14న అమెరికాలోని అగస్టాలో మాస్టర్స్ పోటీ చివరిరోజు. అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజోకు ఆనాడే 45 ఏళ్లు నిండాయి. మొదటి గుంటనే రెండు దెబ్బల్లో ముగించి జోరందుకున్నాడు. 17వ గుంటను 3 దెబ్బల్లో ముగించాడు. ఆయన కార్డు రాస్తున్న టామీ ఆరన్ అక్కడ పొరపాటున 4 అని వేశాడు. డి విసెంజో అది గమనించకుండా సంతకం చేసి ఇచ్చేశాడు.

ఆ రోజు ఆయన కొట్టినవి 65 దెబ్బలు. కార్డు ప్రకారం 66. అసలు కంటే ఎక్కువ రాసి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయమవుతుందన్నది నిబంధన. తక్కువ రాసి ఉంటే పోటీ నుంచే తొలగించేవారు. ఆయన మొత్తం 278గా నిలిచింది. 277తో బాబ్ గోల్బీ విజేత అయ్యాడు. అంకె సరిగా పడి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవారు. మరునాడు మళ్లీ 18 గుంటలు ఆడి తేల్చుకునేవారు. ఆయన 17వ గుంటను మూడు దెబ్బల్లో ముగించడాన్ని వేలమంది చూసినా కార్డులోని అంకె మారలేదు.

మనమ్మాయికీ ఒక్క దెబ్బే

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితీ అశోక్‌కూ ఒక్క దెబ్బే అడ్డు నిలిచింది. నాలుగు రోజుల్లో 72 గుంటలను ఆమె 269 దెబ్బల్లో పూర్తి చేసింది. రజత, కాంస్య పతకాలు దక్కినవారు చెరి 268. నాలుగో స్థానంతో ఆమె సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆనాడు టీవీలో ఆమె పేరు పక్కన కనిపించిన 'మైనస్ 15' వెనుకబాటుకు గుర్తు కాదు. మొత్తం పార్ కంటే 15 దెబ్బలు తక్కువలో ఆట ముగించిందని అర్థం. గోల్ఫ్‌లో మైనస్ పక్కన అంకె ఎంత పెద్దదైతే ఆట అంత గొప్పగా సాగుతున్నట్టు.