జిమీ హెండ్రిక్సు తంత్రీనాదము

ధ్వని యను మాటకు మనకు రెండర్థములు కలవు. చెవికి వినవచ్చు శబ్దము ధ్వని. మాటలలో నేరుగా చెప్పబడక సహృదయునకు స్ఫురించు అర్థమును గూడ మన ఆలంకారికులు ధ్వని యనియే వ్యవహరించిరి. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ఈ రెండవ ధ్వనినే కావ్యమునకు ప్రాణముగా ప్రతిపాదించెను. ఈ రెండును ఒక్కచోట కలిసికొన్న ఘట్టములు ఇరువదవ శతాబ్దపు పాశ్చాత్య సంగీతమున కొన్ని కలవు. అమెరికను రాక్ సంగీతకారుడు జిమీ హెండ్రిక్సు విద్యుత్ గిటారుపై పలికించిన సోలోలు వానిలో ముఖ్యమైనవి.

సోలో యనగా పాట నడుమ గాయకుడు విరమింపగా వాద్యము ఒంటరిగా పలుకు ఘట్టము. మన కచ్చేరీలలో మనోధర్మమునకు గల చోటు రాక్ సంగీతమున దీనికి గలదు. వేగమునే ప్రతిభ యని భ్రమించువారు సోలోను వ్రేళ్ల గారడిగా భావింతురు. హెండ్రిక్సు శ్రేష్ఠములైన సోలోలను విన్నవారికి ఆ భ్రమ నిలువదు.

అతడు 1942 నవంబరు 27న సియాటిల్ నగరమున నల్లవారి పేద కుటుంబమున జన్మించెను. స్వరలిపి చదువుట ఎరుగడు. ఎడమచేతివాటము వాడగుటచే కుడిచేతివారికై చేసిన గిటారును తలక్రిందుగా త్రిప్పి, తంత్రులను తిరిగి అమర్చుకొని వాయించుచుండెను. 1961లో సైన్యమున చేరి, 101వ ఎయిర్‌బోర్న్ డివిజనులో పారాచూటుతో దూకుట నేర్చి, 1962లో బయటికి వచ్చెను. పిమ్మట లిటిల్ రిచర్డు మొదలగు గాయకులకు ప్రక్కవాద్యము వాయించి, 1966లో లండను చేరి, కొలది మాసములలోనే ప్రసిద్ధుడయ్యెను. 1970 సెప్టెంబరు 18న, ఇరువదియేడవ యేట, ఆ నగరముననే మరణించెను. అతని కీర్తికి గల కాలము నాలుగేండ్లు మాత్రమే.

అతడు చేసిన పని తెలియుటకు ఆ వాద్యము తీరు కొంత తెలియవలెను. విద్యుత్ గిటారు తంత్రుల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు సన్నని రాగితీగ చుట్టలును ఉండును. ఉక్కు తంత్రి కంపించినపుడు ఆ చుట్టలలో విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి స్పీకరు ద్వారా వినిపించును. నాదము మిక్కిలి హెచ్చైనచో స్పీకరునుండి వెలువడినదే తిరిగి తంత్రిని కదల్చును. అపుడు మీటకయే తంత్రి మ్రోగుచుండును. దీనికి ఫీడ్‌బ్యాక్ అని పేరు. సభలలో మైకు కూయుట కూడ ఇట్టిదే. వినువారు చెవులు మూసికొను ఈ దోషమును హెండ్రిక్సు స్వరముగా లొంగదీసెను. అతనికి ముందు దీనిని వాడినవారు లేకపోలేదు. కాని ఇంత నిగ్రహముతో, ఇంత భావముతో వాడినవారు అరుదు.

దీనికి తోడు అతనికి మరి రెండు సాధనములు కలవు. వైణికుడు తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికించినట్లే అతడును లాగుచుండెను. అంతటితో ఆగక, గిటారునకు గల లోహపు కడ్డీని అదిమి తంత్రుల బిగువు సడలించి, పలుకుచున్న స్వరమును అగాధమునకు జార్చుచుండెను. కాలితో త్రొక్కు ‘వావా’ పెడలుచే నాదమునకు మనిషి నోరు తెరచి మూసినట్టి ఉచ్చారణ కలిగించుచుండెను.

1968లో వెలువడిన ‘ఆల్ ఎలాంగ్ ది వాచ్‌టవర్’ను ముందుగా చెప్పవలెను. ఇది బాబ్ డిలన్ 1967లో గిటారు, మౌతార్గనులతో నిరాడంబరముగా పాడిన పాట. హెండ్రిక్సు దీని నడిమి సోలోను నాలుగు అంచెలుగా నడపెను. మొదట స్పష్టమైన పలుకు. పిదప తంత్రులపై గట్టి వస్తువును జార్చి తీసిన సాగుడు నాదము. ఆపై వావా పలుకు. తుదకు స్వరసముదాయముల మీటు. నాలుగు పద్యముల ఖండికవలె ఒకదానినుండి మరొకటి పుట్టును. డిలన్ సైతము పిదప సభలలో తన పాటను హెండ్రిక్సు బాణికి దగ్గరగానే వాయించెను.

1967 నాటి ‘లిటిల్ వింగ్’ పాట యంతయు రెండున్నర నిమిషములైనను లేదు. దాని చివరి సోలోలో వేగము లేదు, ఆర్భాటము లేదు. వాక్యము ముగియకమున్నే అది క్రమముగా మరుగైపోవును. చెప్పనిది మిగిలి యున్నదను భావమే దాని సొగసు.

హెండ్రిక్సు పేరు చెప్పగానే లోకమునకు తట్టునది 1969 ఆగస్టు 18. న్యూయార్కు రాష్ట్రమున బెథెల్ గ్రామ సమీపమున ఒక పాడిపరిశ్రమ క్షేత్రములో వుడ్‌స్టాక్ సంగీతోత్సవము జరిగెను. ఆదివారము రాత్రి ముగియవలసిన ఉత్సవము సోమవారము ఉదయమునకు జరిగెను. లక్షల జనములో చాలమంది అప్పటికే వెడలిపోయిరి. మిగిలినవారి యెదుట హెండ్రిక్సు అమెరికా జాతీయగీతమును గిటారుపై వాయించెను.

ఆ గీతము 1814 నాటి యుద్ధమున ఒక కోటపై జరిగిన ఫిరంగి దాడిని చూచి వ్రాసినది. అందు రాకెట్లును, బాంబులును ప్రస్తావింపబడినవి. నూటయేబది యేండ్ల అలవాటున ఆ మాటలు వట్టి లాంఛనములైనవి. హెండ్రిక్సు బాణీని నిదానముగా ఎత్తుకొని, సరిగా ఆ మాటలు రావలసిన చోట నిలిచెను. గిటారునుండి విమానముల హోరు, బాంబుల పతనము, ఆర్తనాదము వెలువడెను. తిరిగి బాణీ యథాస్థానమున అందుకొనెను. తుదివైపు అమెరికను సైనికుల అంత్యక్రియలలో వాయించు బూరాపాట స్వరములు కొన్ని వినవచ్చెను. ఆనాడు వియత్నాములో యుద్ధము సాగుచుండెను. అతడు పనిచేసిన 101వ డివిజను అక్కడ పోరాడుచుండెను.

ఇది జాతీయగీతమునకు అవమానమని కొందరు కోపించిరి. ఆ సెప్టెంబరులో టెలివిజనులో ఈ ప్రసంగము రాగా, అది వింతపోకడ కాదనియు, తనకు అందముగా తోచినదనియు హెండ్రిక్సు మెల్లగా బదులు చెప్పెను. అతడు గీతములో లేనిదానిని చేర్చలేదు. గీతములో ఉండి మరువబడినదానిని వినిపించెను. వాచ్యము పూజగా నుండగా వ్యంగ్యము దుఃఖమైనది. రెండును నిజములే యగుటచే ఆ నాలుగు నిమిషములు నేటికిని కలవరపెట్టుచున్నవి.

1970 జనవరి 1న న్యూయార్కులోని ఫిల్‌మోర్ ఈస్ట్ రంగశాలలో వాయించిన ‘మెషిన్ గన్’ దీనికి కొనసాగింపు. బాస్ గిటారుపై సైన్యములో మిత్రుడైన బిల్లీ కాక్సు, డ్రమ్ములపై బడ్డీ మైల్సు. షికాగో, మిల్వాకీ, న్యూయార్కు నగరములలో పోరాడువారికిని, వియత్నాములో పోరాడువారికిని దానిని అంకితము చేసెను. డ్రమ్ములు తుపాకీ వలె పలుకుచుండగా, సోలో ఒకే దీర్ఘ స్వరముతో మొదలగును. ఆ స్వరము ఎంతకును విరమింపక, ఊపిరి బిగబట్టిన తల్లి కేక వలె నిలుచును. వేయి స్వరములు వేగముగా వాయింపగలవాడు ఒక్క స్వరముతో చెప్పదలచెను.

1967లో మాంటెరే ఉత్సవమున అతడు గిటారునకు నిప్పు పెట్టిన దృశ్యమును చాలమంది ఎరుగుదురు. అది కన్నులకు విందు. అంతకు మించి చెప్పునది తక్కువ. శబ్దాలంకారము అర్థమును మోయనపుడు ఎంత మెరసినను అంతటితో సరి. విద్యార్థులు మొదట ఆ జాతీయగీతమును మామూలుగా పాడగా విని, మాటలను ఎదుట పెట్టుకొని, పిదప వుడ్‌స్టాక్ వాదనమును వినవలెను. రొద ఏ మాట దగ్గర మొదలై, ఏ మాట దగ్గర ఆగినదో గుర్తింపవలెను. ధ్వని యనగా నేమో అలంకారశాస్త్ర పాఠమున తెలియని పిల్లవానికి సైతము అప్పుడు తెలియగలదు.