అలల హోరు... ఏ గిటార్‌లో?

గిటార్‌ తీగల్లో సముద్రం హోరెత్తాలి! అదే సర్ఫ్‌ సంగీతం. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా తీరంలో ఊపందుకుంది. మరి దానికి ఏ ఎలక్ట్రిక్‌ గిటార్‌ కొనాలి?

ఈ బాణీకి ఆద్యుడిగా పేరొందిన డిక్‌ డేల్‌ వాయించింది ఫెండర్‌ స్ట్రాటోకాస్టర్‌. దానికి బాగా లావు తీగలు బిగించి శరవేగంగా మీటేవాడు. జాజ్‌మాస్టర్‌ది మరో కథ. 1958లో జాజ్‌ కళాకారుల కోసం ఫెండర్‌ దాన్ని తెస్తే, వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. తీరప్రాంత కుర్రకారు మాత్రం అక్కున చేర్చుకున్నారు. దాని ట్రెమలో కడ్డీని మెల్లగా నొక్కి వదిలితే స్వరం అలలా ఊగుతుంది మరి! 1962లో వచ్చిన జాగ్వార్‌ మెడ ఇంకాస్త పొట్టి. చిన్న చేతులకు సులువు.

అసలు కిటుకు వేరే ఉంది. నీళ్లలో తడిసినట్టుండే ఆ మోత గిటార్‌ది కాదు, స్ప్రింగ్‌ రివర్బ్‌ది! ధ్వనిని స్ప్రింగుల గుండా పంపి ప్రతిధ్వని పుట్టించే ఈ పరికరాన్ని ఫెండర్‌ 1961లో విడిగా అమ్మకానికి తెచ్చింది. అందుకే డబ్బంతా గిటార్‌కే పోస్తే చిక్కే. ట్రెమలో కడ్డీ, సింగిల్‌ కాయిల్‌ పికప్‌లు ఉన్న మధ్యరకం గిటార్‌ తీసుకుని, మిగిలింది లావు తీగలకూ మంచి రివర్బ్‌కూ అట్టిపెట్టుకుంటే... సముద్రం ఇంట్లోనే!