ఆఖరి బంతిలో గుండెకాయ

మా మనవరాలు పదో తరగతి గట్టెక్కితే కొండకు నడిచి వస్తానని మొక్కుకుంది. గట్టెక్కింది. బయల్దేరే ముందురోజు రాత్రి సంగటి ముద్దలో చెనక్కాయల ఊరిబిండి నంజుకుంటా అడిగింది.

"తాతా, నువ్వూ రారాదా?"

"నా ఎదలో రెండు స్టెంట్లు ఉండాయి గదమ్మా. నేను బస్సులో వస్తా. పైన కలుసుకుందాం."

"స్టెంట్లు వేసినాక బాగైపోయినట్టే గదా? ఇంకా మెట్లంటే భయమెందుకు?"

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. చేతులు కడుక్కుని మిద్దె మీదికి రమ్మన్నాను. మిద్దె మీద నుంచి చూస్తే రాత్రిపూట కొండ మీద మెట్ల దారి దీపాలు వరసగా కనబడతాయి. తిరుపతిలో పుట్టినవాళ్లకు ఆ దీపాల వరసే నక్షత్రమాల.

"అలిపిరి నుంచి పైకి 3,550 మెట్లు. ఎత్తు సుమారు 700 మీటర్లు. అంటే రెండువందల అంతస్తుల మేడ ఎక్కినట్టు. నీ బరువెంత?"

"50 కిలోలు."

"రెండు పాతిక కిలోల బియ్యం మూటల్ని రెండువందల అంతస్తులు మోసుకుపోతావన్నమాట. మోసేది కాళ్లే అయినా, కాళ్లకు కూలి ఇవ్వాల్సింది గుండె."

గుండె మన పిడికిలంత ఉంటుంది, బరువు 300 గ్రాముల చుట్టుపక్కల. ఒక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం తోస్తుంది, టీ బంకులో ఇచ్చే చిన్న గ్లాసుడు అనుకోండి. నిమిషానికి 70 సార్లు అంటే దగ్గర దగ్గర 5 లీటర్లు. రోజుకు 7,000 లీటర్లు. ఎండాకాలం మా వీధికి వచ్చే నీళ్ల ట్యాంకరు 5,000 లీటర్లది. దాని కోసం బిందెలతో ఎంత యుద్ధం జరుగుతుందో నాకు తెలుసు. అట్లాంటి ట్యాంకరు ఒకటిన్నర, రోజూ, అడక్కుండానే. మెట్లు ఎక్కేటప్పుడు ఈ 5 లీటర్లు 15, 20 దాకా పోతాయి.

"అంత రక్తం గుండె లోపలే ఉంటుంది గదా, దానికేం కొదవ?" అంది మనవరాలు. చాలామంది పెద్దవాళ్లూ ఇట్లాగే అనుకుంటారు. నేనూ సైన్సు అయ్యవారిగా ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, ఈ సంగతిని పిల్లలకు సరిగ్గా చెప్పలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

పెళ్లి భోజనాల దగ్గర వడ్డించేవాళ్లను చూడండి. చేతిలో అన్నం గంప ఉంటుంది, పక్కన పప్పు గుండిగ ఉంటుంది, కానీ వాళ్లు తినేది ఆఖరి బంతిలో. చేతిలో ఉన్నంత మాత్రాన నోట్లోకి పోదు. గుండెదీ అదే కథ. దాని గదుల్లో నిండి పొర్లే రక్తం దాని కండకు దక్కదు. ముందు ఒంటికంతా వడ్డించాలి. బయటికి పోయే పెద్ద ధమని మొదట్లోనే రెండు సన్న కొమ్మలు చీలి, వెనక్కి తిరిగి గుండె కండను అల్లుకుంటాయి. వాటినే కరోనరీ ధమనులంటారు. వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. గుండెకాయ అన్నం తినే దారి అదొక్కటే.

ఇంకో చిక్కు ఉంది. "పిడికిలి గట్టిగా బిగించి తెరువు," అన్నాను. తెరిచింది. అరచెయ్యి పాలిపోయి, మెల్లగా ఎర్రబడింది. బిగించినప్పుడు లోపలి రక్తనాళాలు నలిగి రక్తం ఆగుతుంది, వదిలినప్పుడు పారుతుంది. గుండె కూడా పిడికిలే. బిగిసినప్పుడు ఒంటికి రక్తం తోస్తుంది. అదే బిగింపులో తన నాళాలను తానే నలుపుకుంటుంది, ముఖ్యంగా ఎక్కువ పని చేసే ఎడమ గదిలో. సడలినప్పుడే దాని కండకు రక్తం అందేది. అందుకే ఆఖరి బంతి అన్నాను.

తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒక్కో గుండె చప్పుడుకు పట్టేది సెకనులో నూటికి 85 వంతులు. అందులో బిగింపు 30 వంతులైతే సడలింపు 55. అంటే నిమిషంలో 38 సెకన్లు దానికి భోజనం టైము. మెట్లెక్కుతూ నిమిషానికి 150 కొట్టుకుంటుందనుకోండి. మొత్తం 40 వంతులే, సగం బిగింపుకు పోతే మిగిలేది 20. నిమిషంలో 30 సెకన్లు. పని మూడింతలైంది, తినే టైము తగ్గింది. పండగ రోజు వడ్డించేవాళ్ల అవస్థ ఇదే గదా!

"మరి అందరూ ఎక్కుతా ఉండారు గదా తాతా?"

ఎక్కుతారు. మిగతా ఒళ్లు తనకొచ్చిన రక్తంలోంచి ప్రాణవాయువును పావు వంతు మాత్రమే తీసుకుని మిగతాది తిప్పి పంపుతుంది. అవసరమొస్తే ఇంకొంచెం లాక్కుంటుంది. గుండె అట్లా కాదు, ఊరికే కూర్చున్నప్పుడే ముప్పాతిక వంతు దాకా పీల్చేస్తుంది. గిన్నెలో ఇక నాకడానికి ఏమీ ఉండదు. పని పెరిగితే దానికున్న ఉపాయం ఒక్కటే: ఆ సన్న కొమ్మలు విప్పారాలి. ఆరోగ్యంగా ఉన్న కరోనరీలు విప్పారి నాలుగైదు రెట్లు రక్తం తెస్తాయి. నీ వయసులో ఆ సంగతే తెలియదు.

నాకు తెలిసింది. ఏడేళ్ల కిందట, అలిపిరిలో పొంగలి, వడ బాగా దట్టించి మెట్లెక్కడం మొదలుపెట్టాను. గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి, నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సగంలో రొమ్ము మధ్యన ఎవరో బండరాయి పెట్టినట్టయింది. ఎడమ దవడ లాగింది. మండపంలో కూర్చుని గోలీసోడా తాగాను. ఒక తేన్పు వచ్చింది, నొప్పి పోయింది. "చూస్తివా, గ్యాసే!" అన్నాను మా ఇంటావిడతో. లేచి ఇంకో వంద మెట్లు ఎక్కాను. మళ్లీ బండరాయి. మళ్లీ సోడా. ఇట్లా మూడుసార్లు.

బళ్లో ప్రయోగం చేయించేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చాలని పిల్లల్ని కసిరేవాణ్ణి. నేను రెండు పనులు కలిపి చేసి, సోడాకు పేరిచ్చాను. నొప్పి తగ్గింది కూర్చున్నందుకు! సోడా లేకుండా కూర్చుని ఉంటే కూడా తగ్గేదే. నడిస్తే రావడం, నిలబడితే పోవడం, మళ్లీ నడిస్తే అంతే దూరంలో మళ్లీ రావడం. గ్యాసుకు మెట్ల లెక్క తెలియదు.

ఈ సంగతి 1768లోనే లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు చెప్పాడు. నడిచేటప్పుడు, అందులోనూ ఎత్తు ఎక్కేటప్పుడు, తిన్న వెంటనే రొమ్ములో పట్టుకునే నొప్పి, నిలబడగానే మాయమవుతుందని. ఆయన అలిపిరి చూడలేదు గానీ నన్ను చూసి రాసినట్టే ఉంటుంది. అయితే ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకు అంతుబట్టలేదు. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు అనుమానం తగిలింది, కరోనరీలు గట్టిపడటమే కారణమేమోనని. కానీ ఆయన గురువు జాన్ హంటర్‌కే ఆ జబ్బు ఉంది. గురువు చదివితే బాధపడతాడని జెన్నర్ అచ్చు వేయకుండా ఊరుకున్నాడు. 1793లో హంటర్ ఆసుపత్రి సమావేశంలో మాటా మాటా పెరిగి, ఆ కోపంలోనే కూలిపోయాడు. కోసి చూస్తే కరోనరీలు గట్టిపడే ఉన్నాయి. శిష్యుడి గౌరవం గొప్పదే, సైన్సుకు మాత్రం కొన్నేళ్లు ఆలస్యమైంది.

"ఆ కొమ్మలు ఎందుకు పూడుకుంటాయి? మన మామిడితోటలో డ్రిప్పు పైపుకు ఉప్పు పట్టినట్టా?"

నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. బోరునీళ్ల ఉప్పు పైపు లోపల పేరుకుంటుంది. కొవ్వు అట్లా పైపైన పేరుకోదు, ధమని గోడ లోపలికి చొరబడి, అక్కడ మంట పుట్టించి, సెగగడ్డలాగా గోడను లోపలికి ఉబ్బిస్తుంది. ఇది ముసలితనంలో మొదలయ్యేది కాదు, కుర్రతనంలోనే మొదలై ఏళ్ల తరబడి పెరుగుతుంది. బీడీ, సిగరెట్, షుగరు, బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్, ఇంట్లో ముందే ఉన్న జబ్బు, ఇవన్నీ దానికి ఎరువు. మన దేశంలో ఇది పడమటి దేశాల వాళ్లకంటే పదేళ్లు ముందుగా తలుపు తడుతుంది. దారి ముప్పాతిక మూసుకునేదాకా కూర్చున్నవాడికి ఏమీ తెలియదు. మెట్లెక్కితేనే తెలుస్తుంది. ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ తీసేది అందుకే. మన ఊళ్లో ఆ ట్రెడ్‌మిల్‌ను రాతితో కట్టిపెట్టారు, ఈసీజీ ఒక్కటే తక్కువ.

ఇక్కడే ఇంకో మెలిక. గుండెపోటు వచ్చేది ఎప్పుడూ బాగా ఇరుకైన చోటే కాదు. సగమే ఉబ్బిన గడ్డ కూడా ఒకనాడు పగులుతుంది. పగిలిన చోట, గాయమైందనుకుని రక్తం గడ్డకడుతుంది. నిమిషాల్లో దారి పూర్తిగా మూత. నా నొప్పి కూర్చుంటే పోయేది. ఈ నొప్పి కూర్చున్నా పోదు. చెమటలు పోస్తాయి, ఆయాసం, వాంతి, చెయ్యి లాగడం. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పే సరిగా ఉండదు, ఉత్త నీరసం, చెమట. ఇరవై నిమిషాలు దాటిందంటే కండ చావడం మొదలవుతుంది, చచ్చిన కండ మళ్లీ మొలవదు. అప్పుడు సోడా కోసం కాదు, 108 కోసం పరిగెత్తాలి. 2023లో మన రాష్ట్రంలో మొదలైన పద్ధతి నాకు నచ్చింది. ఊరి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఈసీజీ తీసి తిరుపతి స్విమ్స్‌లాంటి పెద్దాసుపత్రికి పంపితే, అక్కడి గుండె డాక్టరు చూసి చెబుతాడు. వేల రూపాయల ఖరీదైన, గడ్డను కరిగించే సూదిమందు ఊళ్లోనే ఉచితంగా వేస్తారు. మదనపల్లె నుంచో కుప్పం నుంచో తిరుపతి చేరేలోపు పోయే టైము మిగులుతుంది.

నాకు అంతదాకా రాలేదు. మణికట్టు దగ్గర ధమనిలో సన్న గొట్టం దూర్చి గుండె దాకా పోనిచ్చారు. నేను మెలకువతోనే ఉండి టీవీలో నా కరోనరీలను చూసుకున్నాను, ఎండిన చెట్టు కొమ్మల్లాగా ఉండాయి. ఈ గొట్టం విద్యకు ఆద్యుడు జర్మనీ కుర్ర డాక్టరు ఫోర్స్‌మన్. 1929లో తన చేతి సిరలోంచి తన గుండెలోకే గొట్టం దూర్చుకుని, మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచిపోయాడు. ఉద్యోగం ఊడింది. 1956లో నోబెల్ వచ్చింది. ఆ గొట్టం చివర బుడగను ఉబ్బించి ఇరుకును వెడల్పు చేయడం 1977లో జూరిచ్‌లో గ్రూంట్‌జిగ్ మొదలుపెట్టాడు. వెడల్పైన చోటు మళ్లీ కుంచించుకోకుండా పెట్టే లోహపు జాలీయే స్టెంటు. మా వీధిలో అందరూ "స్టంటు" అంటారు, ఏదో సినిమా ఫైటు చేసినట్టు. బయటి దేశాల నుంచి తెచ్చిన స్టెంట్లు మనవాళ్లకు అందని రోజుల్లో, క్షిపణులు చేసే అబ్దుల్ కలాం, హైదరాబాదు గుండె డాక్టరు సోమరాజు కలిసి తక్కువ ఖర్చులో ఒకటి తయారు చేయించారు. దాన్ని కలాం-రాజు స్టెంటు అన్నారు.

"ఇప్పుడు చెప్పు, మరి నీకు భయమెందుకు?"

"రెండు చోట్ల దారి బాగుచేశారు. మిగతా దారి అంతా నా వయసుదే. గోడల్లో ఇంకెన్ని గడ్డలున్నాయో ఎవరు చూశారు? అరవై దాటినవాళ్లు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానం వాళ్లే 2024లో చెప్పినారు." పైన ప్రాణవాయువు తక్కువ అని కూడా అందులో ఉంది. నిజమే గానీ, గాలి ఒత్తిడి తేడా పదో వంతు లోపే. అసలు బరువు గాలిది కాదు, మెట్లది. రోజూ చదును నేల మీద గంటసేపు నడుస్తాను, దానికి డాక్టరే చెప్పినాడు. కొండ వేరు.

మనవరాలు కాసేపు దీపాల వరస చూసి, "చిన్నపిల్లలకు కూడా వస్తుందా?" అంది. వాళ్లకు వచ్చేది వేరు. పుట్టుకతోనే గుండె గదుల మధ్య గోడలో రంధ్రం, నాళాలు తారుమారు కావడం లాంటివి. 2021 అక్టోబరులో దేవస్థానం మన ఊళ్లో పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది అందుకే. తర్వాత అక్కడ గుండె మార్పిడి కూడా చేశారు. ఆ కబుర్లు ఇంకో రాత్రికి.

"సరే, నాకేమైనా చెప్పు, రేపు ఎట్లా ఎక్కాలో."

"పొంగలి దట్టించొద్దు. ఇంకోటి. అడుగడుక్కీ గోవిందా అంటారు గదా? ఎక్కుతా ఎక్కుతా గోవిందా అని ఒక్క ఊపిరిలో గట్టిగా అనగలిగితే గుండెకు అన్నం అందుతా ఉన్నట్టు. మధ్యలో తెగిందా, కూర్చో." ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్లను చూసినప్పుడల్లా అనుకుంటాను, వాళ్ల గుండెలకు మధ్య మధ్య ఎంత తీరిక దొరుకుతుందో అని.

పొద్దున ఏడు గంటలకు ఫోను మోగింది. నేను అప్పటికి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను.

"తాతా... గాలిగోపురం... వచ్చేసినాం!"

"గోవిందా అను."

"గో... విందా!"

"రెండు ముక్కలైంది. కూర్చో."